తాళంచెవుల పుస్తకం

(స్వర్ణోత్సవ సభ రెండో రోజు, మధ్యాహ్న భోజనాలకు ముందు చేసిన ప్రసంగ పాఠం)



నేను 1996 పదో తరగతి బ్యాచ్. మన సంఘం కార్యదర్శి అన్నయ్య నాకు ఫోన్ చేసి, "ఓ ఇరవై నిమిషాలు మాట్లాడమ్మా, పిల్లలకు ఉత్సాహం వచ్చేట్టు నీ విజయగాథ చెప్పు" అన్నాడు. నా దగ్గర విజయగాథ లేదు, నేను చేసే పని గురించి చెప్తానన్నాను. ఏం పని అన్నాడు. క్లౌడ్ ఖాతాల్లో ఎవరు దేన్ని ముట్టుకోవచ్చో, ఎవరు ముట్టుకోకూడదో కోడ్‌లో రాయడం అన్నాను. కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత, "సరేలే, భోజనాలకు ముందు పెడతాను, ఎక్కువసేపు సాగదు" అన్నాడు. కాబట్టి మీకు భయం లేదు.

మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. హెడ్మాస్టరు గారి గదిలో తలుపు వెనక ఒక చెక్క, దానికి మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో తాళంచెవి. కింద చిన్న బల్ల మీద పొడుగాటి పుస్తకం. తేదీ, ఏ గది, ఎవరు తీసుకున్నారు, ఎందుకు, ఎప్పుడు తిరిగిచ్చారు అని గడులు గీసి ఉండేవి. ఆ పుస్తకం మా అటెండరు తాతది. హెడ్మాస్టరు గారైనా సరే, అందులో సంతకం పెట్టకుండా తాళంచెవి తీసుకోవడం నేను చూడలేదు.

తొమ్మిదో తరగతిలో ఒకరోజు సైన్సు టీచరు గారు నన్ను లాబ్ నుంచి అయస్కాంతాల పెట్టె తెమ్మని పంపారు. పరిగెత్తుకెళ్లి తాళంచెవి అడిగాను. "ఎందుకో రాయి" అన్నాడు తాత. టీచరు గారు పంపారన్నాను. "పంపినవాళ్లను అడగలేదు. ఎందుకో రాయి." నాకు ఒళ్లు మండింది. అయినా 'అయస్కాంతాలకు' అని రాశాను. అప్పుడు తాత ఆ రింగు తీసి, అందులో ఉన్న రెండు చెవుల్లో ఒకటి విడదీసి పక్కన పెట్టుకున్నాడు. అది ఆసిడ్ సీసాలున్న బీరువాది. నా చేతికి గది తలుపు చెవి మాత్రమే ఇచ్చాడు. నన్ను నమ్మలేదనుకుని ఆ రోజంతా ఉడికిపోయాను. పాతికేళ్లుగా నేను జీతం తీసుకుంటున్నది దాదాపు అదే పనికి అని ఆ వయసులో ఎవరైనా చెప్పినా నమ్మేదాన్ని కాదు.

ఇక క్లౌడ్ సంగతి. మన ఫైళ్లు మన ఇంట్లో కంప్యూటర్‌లో కాకుండా ఇంకొకరి భవనంలో, అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలో ఉంటాయి, అంతే. నేను ఎక్కువగా పనిచేసేది అమెజాన్ వారి క్లౌడ్ మీద కాబట్టి ఉదాహరణలు అక్కడివే చెప్తాను. ఎస్3 అనే వాళ్ల నిల్వ సేవ 2006లో మొదలైంది. మన దేశంలో ముంబయి కేంద్రం 2016లో, హైదరాబాద్ కేంద్రం 2022 నవంబరులో వచ్చాయి. ఒకే ఖాతాలో పదిమందికి పది రకాల అనుమతులివ్వడం సులువైంది మాత్రం 2011లో ఐఏఎం అనే ఏర్పాటు వచ్చాకే.

ఆ ఏర్పాటులో అనుమతిని పాలసీ అంటారు. పేరు పెద్దది కానీ వస్తువు చిన్నది. అరపేజీ రాత. అందులో ఉండేవి నాలుగు మాటలు. ఇది ఔననే మాటా, కాదనే మాటా? ఏ పనికి, అంటే చూడటానికా, పెట్టడానికా, తీసేయడానికా? ఏ వస్తువు మీద? ఏ షరతు మీద? ఈ కాగితం ఎవరికి తగిలిస్తే ఆ అనుమతి వాళ్లది. ఏమీ రాయకపోతే సమాధానం కాదనే. ఒకచోట ఔననీ ఇంకోచోట స్పష్టంగా కాదనీ ఉంటే, కాదన్నదే చెల్లుతుంది. మా ఇంట్లో నాన్న సినిమాకు ఔనన్నా అమ్మ కాదంటే ఎవరి మాట చెల్లేదో అలాగన్నమాట.

ఈ ఆలోచన అమెజాన్ వాళ్లది కాదు. ఎంఐటీలో జెరోమ్ సాల్ట్జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్లలో సమాచారాన్ని కాపాడటం గురించి ఒక వ్యాసం రాశారు. ఎవరికైనా వాళ్ల పనికి ఎంత కావాలో అంతే అనుమతి ఇవ్వండి, చెప్పనిదానికి కాదనే అర్థం తీసుకోండి, ముఖ్యమైనచోట రెండు తాళాలు పెట్టండి అన్నారు. ఆ వ్యాసం అచ్చయింది 1975లో, మన బడిలో మొదటి గంట మోగిన ఏడాదే. పదో తరగతి ప్రశ్నపత్రాలను పోలీస్ స్టేషన్‌లో పెట్టి, పరీక్ష రోజు ఉదయం సంతకాలు పెట్టి తెచ్చుకునే మా టీచర్లకు ఇందులో కొత్తేమీ లేదు.

తాత విడదీసిన రెండో చెవి కూడా ఇక్కడ ఉంది. ఎస్3లో ఫైళ్లుండే డబ్బాను బకెట్ అంటారు. బకెట్‌లో ఏమేం ఉన్నాయో జాబితా చూడటానికి ఒక అనుమతి, అది బకెట్ పేరు మీద రాయాలి. లోపలి ఫైలు తెరిచి చదవడానికి ఇంకో అనుమతి, అది ఫైళ్ల పేరు మీద రాయాలి. ఒకటి రాసి రెండోది మరిచిపోతే తలుపు తెరుచుకుంటుంది, బీరువా తెరుచుకోదు. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ ఇక్కడ ఒక సాయంత్రం పోగొట్టుకుంటారు. విసుగొచ్చి ఏం చేస్తారంటే, అన్నిచోట్లా నక్షత్రం గుర్తు పెట్టేస్తారు. నక్షత్రం అంటే 'ఏదైనా'. ఏ పనైనా, ఏ వస్తువు మీదైనా. అంతటితో అన్నీ తెరుచుకుంటాయి, అందరూ ఇంటికి వెళ్లిపోతారు. దానికి తోడు ఒక పాలసీ ఖాళీలు కాకుండా 6,144 అక్షరాలకు మించకూడదని నియమం ఒకటుంది. తెలుగు మాస్టారు సంక్షిప్తంగా రాయమంటే మేం సగం కథ ఎగ్గొట్టేవాళ్లం, అలాగే ఇక్కడా చోటు చాలదనిపించినప్పుడల్లా నక్షత్రమే గుర్తొస్తుంది.

ఆ నక్షత్రం నేనూ పెట్టాను. నేను ఈ సభకు వచ్చింది నిజానికి అది చెప్పడానికే.

2018లో నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఉన్నాను. పేరు అక్కర్లేదు. సరుకు రవాణా చేసే ఒక క్లయింటుకు డెలివరీ రసీదుల స్కానులు క్లౌడ్‌లో దాచే పని మాది. ఒక రాత్రి కొత్త వెర్షన్ పెడుతుంటే అనుమతి లేదు, అనుమతి లేదు అని ఒకటే ఎర్ర అక్షరాలు. రాత్రి ఒంటిగంట దాటింది. ఇంట్లో మా చిన్నవాడికి జ్వరం. స్క్రీన్ మీద నాలుగు క్లిక్కులు నొక్కి, మేమంతా వాడే ఖాతాకు పూర్తి అధికారం ఇచ్చేశాను. రేపు పొద్దున తీసేద్దాం అనుకున్నాను. ఆ రేపు ఏడు నెలలపాటు రాలేదు.

ఏడు నెలల తర్వాత మా జట్టులో కొత్తగా ఒక కుర్రాడు చేరాడు. పల్లెటూరి నుంచి వచ్చాడు, మొదటి ఉద్యోగం. తాత్కాలిక ఫైళ్లు తుడిచే చిన్న స్క్రిప్టు రాయమని అతనికిచ్చారు. రాశాడు. అందులో ఫోల్డర్ పేరు ఉండాల్సినచోట ఒకసారి ఖాళీ వచ్చింది. ఫోల్డర్ పేరు లేకపోతే స్క్రిప్టు దృష్టిలో బకెట్ మొత్తం ఒకే ఫోల్డరు. మూడు నెలల రసీదులు పోయాయి. పాత ప్రతులు ఉంచే ఏర్పాటు ఆ బకెట్‌కు ఎవరూ పెట్టలేదు. ఆ కుర్రాడే నా దగ్గరికి వచ్చి, "అక్కా, నేనేదో చేశాను" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి.

మరుసటి రోజు మీటింగ్. మా పెద్దాయన అడిగిన ప్రశ్న సరైనదే. "తాత్కాలిక ఫైళ్లు తుడిచే పనికి మొత్తం తుడిచే అధికారం ఎవరిచ్చారు?" ఎవరూ చెప్పలేకపోయారు. స్క్రీన్ ఇప్పుడు ఏ అనుమతి ఉందో చూపిస్తుంది, ఎందుకుందో చూపించదు. క్లౌడ్ తనంతట తాను ఉంచే మార్పుల చరిత్ర 90 రోజులదే, నేనిచ్చి ఏడు నెలలైంది. పైగా ఖాతా అందరం కలిసి వాడేది. అందరం ఒకే ఆఫీసు నుంచి, ఒకే పేరుతో లోపలికి వెళ్లేవాళ్లం. చివరికి అందరి చూపూ ఆ కుర్రాడి మీదే నిలిచింది. నేను నోరు తెరవలేదు. నాకు తెలుసు, గుర్తుంది, అయినా తెరవలేదు.

రాత్రి నిద్రపట్టక, మర్నాడు పొద్దున మెయిల్ పెట్టాను. ఆ అధికారం ఇచ్చింది నేనే, ఫలానా రాత్రి, ఫలానా కారణానికి, తీసేయడం మరిచిపోయాను అని. నన్ను పెద్దగా ఏమీ అనలేదు. అప్పటికే పదేళ్లు దాటిన ఉద్యోగిని కదా. ఆ కుర్రాడి మీద మాత్రం అప్పటికే ఒక మాట పడిపోయింది. ఆరు నెలలకు వేరేచోటికి వెళ్లిపోయాడు. కాగితం రసీదులు మళ్లీ తెప్పించి స్కాన్ చేయడానికి క్లయింటు మనుషులు పదకొండు రోజులు కూర్చున్నారు.

పెద్ద సంస్థలకు ఇలాంటివి జరగవనుకోకండి. 2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకు సంగతి పేపర్లలో వచ్చింది. బయటి రక్షణ గోడ అమరికలో ఉన్న లోపం ద్వారా ఒక వ్యక్తి లోపలికి రాగలిగారు. ఆ గోడ కాసే యంత్రానికి ఇచ్చిన అనుమతులు నిల్వ బకెట్ల దాకా ఉన్నాయి. కాపలావాడి చేతిలో బీరువా తాళాలు పెట్టినట్టు. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

ఆ కుర్రాడి సంగతి తర్వాతే నేను క్లిక్కులు మానేసి అనుమతులన్నీ కోడ్‌లో రాయడం మొదలుపెట్టాను. దానికి టెరాఫామ్ అనే సాధనం ఉంది, 2014లో వచ్చింది. ఎవరికి ఏ అనుమతి ఉండాలో మనం మామూలు ఫైల్లో రాస్తాం. పాలసీ అసలు రూపమైన జేసన్‌లో పక్కన ఒక మాట రాసుకునే వీల్లేదు. టెరాఫామ్ ఫైల్లో ఉంది, కాబట్టి ప్రతి అనుమతి పైనా ఎందుకో రాస్తాను. ఆ ఫైలు గిట్‌లో ఉంటుంది, అంటే ఏ వరస ఎవరు, ఏ రోజు, ఏమని చెప్పి మార్చారో అంతా నిలిచి ఉంటుంది. మార్పు అమలు చేసేముందు ప్లాన్ అనే ఆదేశం ఇస్తే, ఏమేం మారబోతున్నాయో వరసగా చూపిస్తుంది. దాన్ని ఇంకొకరు చదివి సరేనంటేనే అమలు.

ఇంత చేసినా తప్పు జరగదా అంటే, జరిగింది. అదీ నా చేతి మీదుగానే. ఒక పాలసీని ఒకరికి తగిలించడానికి టెరాఫామ్‌లో రెండు మూడు దారులున్నాయి. అందులో ఒకటి, 'ఈ పాలసీ ఈ జాబితాలో ఉన్నవాళ్లకు మాత్రమే, ఖాతాలో ఇంకెవరికున్నా తీసెయ్' అని అర్థం చేసుకునేది. పేరు చూస్తే అమాయకంగా ఉంటుంది. నేను దాన్ని వాడాను. మొదటిసారి ఏమీ కాలేదు. రెండోసారి ప్లాన్ చివర 'చేర్చేవి 0, మార్చేవి 1, తీసేసేవి 0' అని వచ్చింది. ఒక్క మార్పేగా అని ఆ చివరి వరసే చదివి సరేనన్నాను. పై వరసల్లో, వేరే జట్ల వాళ్లకు చేతితో తగిలించిన ఆ పాలసీని ఊడదీయబోతున్నానని స్పష్టంగా రాసి ఉంది. మూడు జట్ల పని ఆగిపోయింది. కానీ ఈసారి ఎవరు చేశారన్న ప్రశ్నే రాలేదు. గిట్‌లో నా పేరు, టైము, నేను రాసిన కారణం ఉన్నాయి. ఇరవై నిమిషాల్లో వెనక్కి తిప్పాం. ఎవరి ముఖం వైపూ ఎవరూ చూడలేదు.

ఇప్పుడు మన సంఘం దగ్గరికి వస్తాను. ఇక్కడ కొందరికి కోపం రావచ్చు, ముందే క్షమించమంటున్నాను.

మన సంఘానికీ ఒక క్లౌడ్ ఖాతా ఉంది. పాత ఫోటోలు, ఈ సావనీరు ఫైళ్లు, ఏటా మనమిచ్చే స్కాలర్‌షిప్‌ల దరఖాస్తులు అందులోనే ఉన్నాయి. దరఖాస్తు అంటే పిల్లల ఆధార్, తల్లిదండ్రుల ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. గత వేసవిలో అన్నయ్య నన్ను ఖాతా ఒకసారి చూడమంటే చూశాను. పాస్‌వర్డ్ ఒకటే. అది ఏడుగురికి తెలుసు. అది రూట్ పాస్‌వర్డ్, అంటే మనుషులకు తగిలించే పాలసీలేవీ అడ్డుకోలేనిది. ఏడుగురిలో ఇద్దరు ఫోన్లు మార్చి పాతవి అమ్మేశారు. మైనర్ పిల్లల వివరాలకు 2023 నాటి చట్టం ప్రత్యేక రక్షణ అడుగుతోంది, అది అటుంచండి. తండ్రి లేడని, ఆదాయం ఇంతేనని మనల్ని నమ్మి కాగితం ఇచ్చిన పిల్ల మన ఊళ్లోనే, మన పక్క వీధిలోనే తిరుగుతుంది కదా.

అందరికీ పాస్‌వర్డ్ తీసేశాను. రూట్ పాస్‌వర్డ్ ఒకరి దగ్గర, దానికి రెండో తాళమైన కోడ్ వచ్చే పరికరం ఇంకొకరి దగ్గర పెట్టాం. మిగతావాళ్లకు ఎవరి పనికి తగ్గ పాలసీ వాళ్లకు రాశాను. స్కాలర్‌షిప్ కమిటీ దరఖాస్తులు చూడవచ్చు, జూలై 31 దాటితే అదీ పనిచేయదు, తేదీ షరతు అందులోనే రాసి ఉంది. తీసేసే అధికారం ఎవరికీ లేదు. నాకూ లేదు. కావాల్సినప్పుడు ఒక గంటసేపు ఉండే తాత్కాలిక అనుమతి తీసుకోవాలి, దానికి ఇంకొకరు సరేననాలి.

మా లెక్కల మాస్టారు తొమ్మిదేళ్లు సంఘానికి కోశాధికారిగా చేశారు. ఆ ఏడుగురిలో ఆయన ఒకరు. నాకు ఫోన్ చేశారు. "అమ్మాయ్, నన్ను దొంగను చేశావా?"

ఏం చెప్పాలో తెలియలేదు. మన దగ్గర తాళంచెవి ఇవ్వడం గౌరవం, తీసుకోవడం అవమానం. ఈ విషయంలో అమెరికాలో కూర్చుని రాసిన వ్యాసాలేవీ పనికిరావు. నేను ఫైలు మొత్తం ప్రింటు తీయించి, ప్రతి అనుమతి పైనా ఎందుకో తెలుగులో రాసి, ఆయన ఇంటికి పట్టుకెళ్లాను. నా పేరు దగ్గర ఏముందో ముందు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను తీసుకుని, మా పరీక్ష పేపర్లు దిద్దినట్టే దిద్దడం మొదలుపెట్టారు. మామ్మగారు కాఫీ తెచ్చి చల్లారిపోయిందని మళ్లీ తీసుకెళ్లారు.

రెండో పేజీలో ఆగారు. "ఈ చుక్క గుర్తేంటి?"

"నక్షత్రం మాస్టారూ. ఏదైనా అని. ఫోటోలు అనే ఫోల్డర్‌లో ఏదైనా చూడవచ్చని. బ్యాచ్ ప్రతినిధులు నలభై మందికీ ఇది."

"ఫోల్డర్ అని ఎక్కడ రాశావ్? 'ఫోటోలు' అన్న అక్షరాల తర్వాత ఏదైనా అని రాశావ్. నాలుగో పేజీలో 'ఫోటోలు-దరఖాస్తు' అని ఇంకో ఫోల్డర్ ఉందిగా. అది కూడా ఇందులో పడదూ?"

పడుతుంది. పిల్లలు ఫోన్‌తో ఫోటో తీసి పంపిన ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు ఉన్న ఫోల్డర్ అది. మధ్యలో ఒక గీత పెట్టి తర్వాత నక్షత్రం పెట్టాలి. నేను గీత మరిచాను. అమలు చేసి ఉంటే నలభై మందికి ఆ పిల్లల కాగితాలు తెరుచుకునేవి. కంప్యూటర్ తప్పు చెప్పదు, ఎందుకంటే రాసిన రాత దానివరకు సరైనదే. మాస్టారు ఆ వరస చుట్టూ సున్నా చుట్టి, పక్కన అర మార్కు తగ్గించారు. నిజంగానే తగ్గించారు, ఆ కాగితం నా దగ్గర ఉంది.

ఇప్పుడు మన ఖాతాలో ఏ మార్పుకైనా సరేననాల్సిన ఇద్దరిలో ఆయన ఒకరు. ఫైళ్లు తెరిచే అనుమతి ఆయనకు లేదు, అడగలేదు కూడా. ఇదుగో, మూడో కుర్చీలో కూర్చుని నవ్వుతున్నారు.

అన్నయ్య గడియారం చూపిస్తున్నాడు, సాంబారు వాసన కూడా వస్తోంది. వచ్చే ఏడాది స్కాలర్‌షిప్ కమిటీకి, ఫోటోలు సర్దే పనికి మనుషులు కావాలి. ఆ బల్ల మీద ఒక పొడుగు పుస్తకం పెట్టాను, గడులు నేనే గీశాను. పేరు, ఏం పని, ఎప్పటిదాకా. నాలుగోది ఎందుకు అనే గడి. నిన్న పేరు రాసిన పదకొండు మందిలో ఆరుగురు దాన్ని ఖాళీగా వదిలేశారు. దయచేసి భోజనం చేసి వెళ్లేముందు అది నింపి వెళ్లండి.